గురువులు మామ గీసిన పందొమ్మిది రాళ్ళు

జాలరిపేట, విశాఖపట్నం
27 మే 2004

నరసింహమూర్తి బావకి,

నీకు రాసే ప్రతి ఉత్తరమూ తిట్టుతోనే మొదలుపెడతాను కదా, ఈసారి దానికి మనసు రావడం లేదు. మా గురువులు మామ పోయాడు. ఈ నెల పదిహేనో తేదీ పొద్దున్నే హార్బర్‌లో వల బాగుచేసుకుంటూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగాడు. వేట నిషేధం రోజులు కాబట్టి బోటు ఒడ్డునే ఉంది. సముద్రం మీద పోవాలని కోరుకున్న మనిషి, అది ఒక్కటీ తీరలేదు. నీకు చెబుదామని ఎస్టీడీ బూత్‌కి రెండుసార్లు వెళ్ళాను. మీ మాధారం గనులకి లైను దొరకలేదు.

గంగాలమ్మ అత్త ఏడవదు, తినదు. మా ఇంటిది ఈశ్వరి తండ్రి కోసం ఏడుస్తూనే తల్లికి ముద్దలు పెడుతోంది. మొన్న ఇరవై అయిదున పెద్దకర్మ అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. ఎలా రాయాలో తెలియక ఇందాకటి నుంచి కలం పట్టుకుని కూర్చున్నాను. నువ్విచ్చిన చేతి కంప్యూటర్ తుడిచిపెట్టుకుపోయింది.

జనవరిలో నువ్వు మాతో బోటెక్కిన రోజు గుర్తుందా? మనం బావా బావా అని పిలుచుకోవడం మొదలెట్టిన పాలిటెక్నిక్‌లో నీకూ నాకూ అక్షాంశాలు, రేఖాంశాలు నేర్పారు. మామకి అవేవీ అక్కర్లేదు. యారాడ కొండ మీద లైట్‌హౌసుకి ఏ చెట్టు తగులుతోంది, రాస్ హిల్ చర్చి వెనకాల ఏ పొగగొట్టం నిలబడింది అని చూసి, నీళ్ళ కింద ఏ రాయి ఉందో చెప్పేవాడు. ఆ రాళ్ళు వల దించేవాడికి గండం, గాలం వేసేవాడికి భాగ్యం. అలాంటివి పందొమ్మిది ఆయన తలలో ఉండేవి. అక్షరం ముక్క రాని మనిషికి నువ్వు పుల్ల చేతిలో పెట్టి, ఆ తెర మీద బొమ్మలు గీయడం నేర్పావు. ఒక్కో రాయి దగ్గర నిలబడి ఒడ్డు ఎలా కనిపిస్తుందో కొండలతో సహా గీశాడు. నలభై ఏళ్ళ బుర్ర అరచేతిలోకి వచ్చిందని ఆ రోజు మనిద్దరం ఎంత సంబరపడ్డాం. చివర్లో ఆయన నీ చెయ్యి పట్టుకుని బోటు ముక్కు మీద పెట్టించి, "ఇయ్యి మా ఎల్లారావు సేతిలో తప్ప ఇంకెక్కడా ఉండకూడదు మూర్తిబాబూ" అన్నాడు. నువ్వు సరేనన్నావు.

తప్పు నాదే. మా ఇళ్ళలో మనిషి పోతే పదకొండు రోజులు సముద్రపు సామాను ముట్టుకోం. వల, గాలాలు, దిక్సూచి, లోతు చూసే ఇనపగుండు అన్నీ పెట్టెలో పెట్టి పైన పసుపు గుడ్డ కప్పేస్తాం. ఈ యంత్రాన్ని కూడా అందులోనే పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు. అదీ సముద్రపు సామానే అని నాకు తోచింది. మామ చేతి వస్తువులన్నిటికీ ఇచ్చిన మర్యాదే దానికీ ఇచ్చాను. పన్నెండో రోజు తీస్తే తెర వెలగలేదు. కొత్త సెల్స్ వేస్తే, కొత్తగా కొన్నప్పుడు అడిగినట్టు మూలమూలలా పుల్లతో తాకమని అడిగింది. తాకాను. లోపల ఒక్క బొమ్మ లేదు.

జూన్ ఒకటికి బోట్లు దిగుతాయి. మామ తనకి తెలిసినవన్నీ నాకు అప్పజెప్పానని చెప్పబట్టే మా బోటు ఓనరు కృష్ణంరాజు గారు ఆయన స్థానంలో నన్ను డ్రైవరుగా పెట్టారు. వినాయకచవితి దాకా చూస్తానన్నారు. ఈలోగా రాళ్ళ మీద రెండు వలలు చింపుకున్నానంటే చుక్కాని ఇంకొకడి చేతిలోకి పోతుంది. తర్వాత నేను ఎవరి బోటు మీదో వల లాగే కూలీని.

ఏదైనా దారి ఉంటే చెప్పు బావా.

ఎల్లారావు

మాధారం గనులు
4 జూన్ 2004

ఎల్లా,

మామ పోయాడన్న మాట దగ్గరే ఆగిపోయి, మిగతా ఉత్తరం మర్నాడు చదివాను. నేను బోటు అంచు పట్టుకుని వాంతులు చేసుకుంటుంటే "ఉప్పు నీరుకి ఉప్పు నీరు కలుత్తంది, కానీ బాబూ" అని వీపు నిమిరాడు. మా నాన్న కూడా నా వీపు అలా నిమరలేదు. అత్తకీ ఈశ్వరికీ ఏం రాయాలో తెలియడం లేదు. నువ్వే ఏదో ఒకటి చెప్పు.

తప్పు నీదే అని రాశావు. కాదు. ఆ తరం యంత్రాలకి జ్ఞాపకమంతా సెల్స్ మీదే ఆధారం. సెల్స్ పూర్తిగా అయిపోతే లోపలున్నదంతా పోతుంది. అయినా మామూలుగా అయితే పదకొండు రోజులకి ఏమీ కాదు. మామ పుల్లతో గీసిన చాలాసేపటికి గీత పడుతుంటే ఆయన విసుక్కునేవాడు, గుర్తుందా? అందుకని నేను దాంట్లో వేగం పెంచే చిన్న ప్రోగ్రాం ఒకటి వేశాను. అది సెల్స్‌ని రెండింతలు తింటుంది. వారం వారం మార్చమని చెప్పానే గానీ, మార్చకపోతే ఏమవుతుందో చెప్పలేదు. గనిలో కొలత మీటరు పెడితే దానికి పది హెచ్చరికలు రాసి అంటిస్తాను. నీకు ఒక్కటి చెప్పలేకపోయాను.

యంత్రాన్ని రిజిస్టరు పార్శిల్‌లో పంపు. పాత యంత్రాల కోసం జనం తయారుచేసిన రకరకాల చిన్న ప్రోగ్రాములు, యుటిలిటీలంటారు వాటిని, నా దగ్గర ఉన్నాయి. ప్రయత్నిస్తాను. ఆశ మాత్రం పెట్టుకోకు. ఒక్క మాట చెప్పు. నేను ఇక్కడికి వచ్చేశాక మామ అందులో కొత్తగా ఏమైనా చేర్చాడా?

నీ బావ,
మూర్తి

జాలరిపేట
11 జూన్ 2004

బావా,

పార్శిల్ పంపాను. సెల్స్ తీసి విడిగా చుట్టాను. పోస్టాఫీసులో లోపల ఏముందని అడిగితే మా మామ అని నోటిదాకా వచ్చింది.

కొత్తగా చేర్చినవి ఏమీ లేవు. పందొమ్మిదే.

పదిరోజులై దిగుతున్నాం. నాకు ఖాయంగా గుర్తున్న చోట్లే వల వేస్తున్నాను. అక్కడ పది బోట్లు ముందే ఉంటాయి. కృష్ణంరాజు గారు తిట్టలేదు. ఐసు కూడా కరగకుండా తిరిగొచ్చావేటి అని మాత్రం అడిగారు. తిట్టకపోవడమే భయంగా ఉంది.

ఈశ్వరి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. రాళ్ళ గురించి కాదు. "మా అయ్యకి ఫోటో ఒక్కటి లేదు, సంతకం లేదు. ఏలిముద్ర ఏసినోడు. ఆ గీతలొక్కటే ఆయన సేత్తో పెట్టినయ్యి. దానికి కూడా మైల పట్టించావా?" అంది.

ఎల్లారావు

మాధారం గనులు
25 జూన్ 2004

ఎల్లా,

పార్శిల్ విప్పే ముందు కూర్చో. పందొమ్మిదీ వచ్చాయి.

ఎలా వచ్చాయని అడగకు. పాత జ్ఞాపకం అడుగున ఏదైనా మిగిలిందేమో వెదికే యుటిలిటీ ఒకటి ఉంది, దానితో నాలుగు రోజులు కుస్తీ పట్టాను. అంతే అనుకో.

ఇక మీదట ఇలా కాకుండా ఒక ఏర్పాటు చేశాను. దీంట్లో చెరగని చిప్ ఒకటి ఉంటుంది. యంత్రం నడవడానికి కావలసిన ప్రోగ్రాములు అందులో పెట్టగా కాస్త జాగా మిగిలిపోతుంది. ఆ జాగాని మనం వాడుకోనిచ్చే యుటిలిటీ ఇంకొకటి వేశాను. బొమ్మ గీశాక పైన "దాచు" అని కనబడుతుంది, దాన్ని తాకితే చాలు. ఆ తెలుగు అక్షరాలు కూర్చడానికి నాకో సాయంత్రం పట్టింది, కాబట్టి మెచ్చుకో. సెల్స్ తీసేసి మూడు రోజులు ఉంచి చూశాను. మూలలు తాకమని మళ్ళీ అడిగింది గానీ, బొమ్మలు భద్రంగా తిరిగొచ్చాయి. వేగం పెంచే ప్రోగ్రాం తీసిపారేశాను.

ఈశ్వరికి ముందు చూపించు. తర్వాతే సముద్రానికి తీసుకెళ్ళు.

మూర్తి

జాలరిపేట
14 జూలై 2004

బావా,

చెప్పినట్టే ముందు ఈశ్వరికి ఇచ్చాను. ఒక్కో బొమ్మ మీదా వేలు పెట్టి, గీత వెంట జరుపుతూ పోయింది. నాలుగో బొమ్మలో కొండ మీద మామ ఊరికే ఒక కాకిని గీశాడు, చూశావా? దాన్ని చూసి నవ్వింది. తండ్రి పోయాక నవ్వడం అదే మొదలు. అందుకు నీకు నేను బతికినంత కాలం రుణపడి ఉంటాను.

పదహారు రాళ్ళు చూసుకున్నాను. మిగతా మూడింటి సంగతి తర్వాత రాస్తాను. చేపలు ఫరవాలేదు. వల ఒక్కచోట కూడా చిరగలేదు.

ఇంకో పని మీద పడింది. ఈశ్వరి చేపల వేలం దగ్గర అందరికీ చెప్పేసింది, మూర్తిగారు చచ్చిన యంత్రంలోంచి మా అయ్య గీతలు లాక్కొచ్చారని. అది పోతమ్మ చెవిన పడింది. ఐసు ఫ్యాక్టరీ పక్కన చేపలు ఎండబెడుతుంది, నువ్వు చూసే ఉంటావు. కిందటేడు వాయుగుండంలో ఆమె కొడుకు బోటు తిరిగి రాలేదు. వాడి సెల్‌ఫోన్ ఇంట్లోనే ఉండిపోయింది. నంబరు నొక్కక్కర్లేకుండా పిలవగానే కలిసేట్టు, వాడు అందులో తన గొంతుతో "అమ్మా" అని పెట్టుకున్నాడట. ఏడాదిగా రోజూ అది విని పడుకునేది. మొన్న మోగడం లేదని బాగుచేసే కొట్టుకి ఇస్తే, వాళ్ళు మొత్తం చెరిపేసి కొత్తదానిలా చేసి ఇచ్చారు. వాళ్ళకి తెలియదు, ఈమె చెప్పుకోలేదు.

ఆ ఫోను కొంగులో కట్టుకుని వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. "బాబూ, మీ మామని తెచ్చిన సేత్తో మా వోడిని కూడా ఒక్క మాట తెమ్మని రాయి" అంది. నేను సరే అనలేదు, కాదు అనలేకపోయాను. ఆ ఫోను ఈ ఉత్తరంతోనే పార్శిల్‌లో పంపిస్తున్నాను. ఆమెకి ఏం చెప్పాలో నువ్వు రాయి. నువ్వు రాసిందే చెబుతాను.

ఎల్లారావు

మాధారం గనులు
22 జూలై 2004

ఎల్లా,

ఫోను విప్పి చూశాను. నాకు తెలిసినవన్నీ చేశాను, ఇక్కడి ఇంజనీర్లని కూడా అడిగాను. ఆ మాట లేదు. తిరిగి రాదు. పోయింది తెచ్చే యుటిలిటీ నా దగ్గర లేదు, ఎప్పుడూ లేదు.

నీకు అబద్ధం రాశాను. మామ బొమ్మలు ఆ యంత్రంలోంచి రాలేదు. నా దగ్గరున్న కాపీలోంచి వచ్చాయి.

ఏ యంత్రం మీద చెయ్యి వేసినా ముందు అందులో ఉన్నది ఇంకోచోట దాచుకోవడం నాకు పదిహేనేళ్ళ అలవాటు. ఆ రోజు ఒడ్డుకి వచ్చాక, వేగం పెంచే ప్రోగ్రాం వేసే ముందు, అలవాటు కొద్దీ అన్నీ నా సొంత చేతి కంప్యూటర్‌లోకి తీసుకున్నాను. ఆ సాయంత్రమే చూసుకుంటే బొమ్మలున్నాయి. బోటు ముక్కు మీద చెయ్యి పెట్టి మాటిచ్చి అప్పటికి నాలుగు గంటలైనా కాలేదు. చెరిపేయాల్సింది. చెరపలేదు. అది అలవాటని చెప్పుకోలేను. ఇష్టపడి ఉంచుకున్నాను. ఈ ఊళ్ళో ఎటు చూసినా ఎర్ర దుమ్ము, తవ్విన గుంటలు. డ్యూటీ దిగాక ఆ బొమ్మలు తెరిచి, యారాడ కొండ ఇది, చర్చి ఇది అనుకుంటూ కూర్చునేవాణ్ణి. ఎవరికీ చూపించలేదు. అమ్ముకోవాలన్న ఆలోచన కలలో కూడా రాలేదు. అయినా దొంగతనం దొంగతనమే.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే కాపీ ఉందని రాసి ఉండాల్సింది. మామ పోయిన నెలలోనే, ఆయనకిచ్చిన మాట తప్పానని నీకు చెప్పలేకపోయాను. అందుకని ఇంత నాటకం ఆడాను. ఆ నాటకం పోతమ్మ దాకా పోతుందని అనుకోలేదు. ఆమె కొంగులో కట్టుకొచ్చిన ఫోను నా టేబుల్ మీద ఉంటే నాకు అన్నం సహించడం లేదు.

ఆమెకి ఇలా చెప్పు. మూర్తి మాయలు చేసేవాడు కాదు, అతని దగ్గర ముందే దాచుకున్న కాపీ ఉంది కాబట్టి తెచ్చాడు, నీ కొడుకు గొంతుకి అలాంటిది లేదు అని చెప్పు. నేను మాట తప్పిన సంగతి హార్బర్ అంతా తెలిసినా సరే, ఆమె మాత్రం ఎదురుచూడకూడదు.

నా దగ్గరున్న కాపీ ఈ ఉత్తరం రాసే ముందే చెరిపేశాను. నువ్వు ఇంక రాయకపోతే ఎందుకని అడగను.

నరసింహమూర్తి

జాలరిపేట
9 ఆగస్టు 2004

ఒరేయ్ మూర్తీ,

పూర్తి పేరు సంతకం చేశావు. బ్యాంకువాడిలా ఏమిటిరా అది?

ముందు పోతమ్మ సంగతి. నువ్వు తిప్పి పంపిన ఫోను చేతిలో పెట్టి, నువ్వు రాసింది రాసినట్టు చదివి వినిపించాను. చాలాసేపు ఫోను ఇటూ అటూ తిప్పి చూసుకుంది. "పోన్లే బాబూ, అడిగినందుకు ఆ బాబు ఏటీ అనుకోకుండా ఉంటే సాలు" అని, మళ్ళీ కొంగులో కట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజంతా నాకు ఏ పనీ చేతకాలేదు. ఈశ్వరి రోజూ సాయంత్రం ఆమె దగ్గరికి వెళ్ళి కూర్చుంటోంది.

ఇక నీ సంగతి. కాపీ అని నాకు నీ పార్శిల్ విప్పిన నిమిషంలోనే తెలిసింది. పాలిటెక్నిక్ సగంలో మానేసినా ఆ మాత్రం బుర్ర మిగిలింది. ఎలాగంటావా? నేను నీకు దాచింది ఒకటుంది.

నువ్వు బోటు మీద ఉన్న రోజు మామ మూడు రాళ్ళు అబద్ధం గీశాడు. జంటరాళ్ళు, ముసలిరాయి, పెద్దరాయి. అన్నిటికంటే మంచివి ఆ మూడే. నువ్వు మాధారం వెళ్ళిన వారానికి నన్ను సముద్రం మీదకి తీసుకెళ్ళి ఆ మూడూ చెరిపించి నిజమైనవి గీశాడు. నీ పార్శిల్‌లో వచ్చినవి పాత అబద్ధాలు. యంత్రం అడుగునుంచి తవ్వి తీసినవైతే చివర గీసినవి రావాలి కదా. ఆ మూడూ చెరిపించిన రోజే మామని నిలదీశాను, మూర్తి మనవాడు కదా అని. "మంచోడే. గానీ ఒడ్డు మీద మడిసి. ఒడ్డు మీద మడిసి కాడ మూడు రాళ్ళు దాసుకోవాల" అన్నాడు. మా ఇంట్లో అన్నేళ్ళు చేపల పులుసు తిన్నవాడివి, ఆ మాట నీకు ఎలా రాయను? అందుకే నువ్వు అడిగినప్పుడు పందొమ్మిదే అని సరిపెట్టాను. నువ్వు నాకు అబద్ధం రాశావు, నేను నీకు సగం నిజం రాశాను. నీ అబద్ధం నేను బయటపెట్టలేక, పోతమ్మకి అబద్ధం చెప్పలేక, ఆ ఫోను నీకే పంపాను. అది నీ మీద వేసిన బరువే. క్షమించు.

మూడింటిలో రెండు నాకు గుర్తున్నాయి, మామ మళ్ళీ గీసినప్పుడు పక్కనే ఉన్నాను కాబట్టి. పెద్దరాయి గీసేటప్పుడు ఇంజను మొరాయిస్తే కిందకి దిగాను. అదొక్కటే లేదు. కోనాం చేప గుంపులుగా దొరికేది అక్కడే. కృష్ణంరాజు గారు పోయినవారం ఇంకొక డ్రైవరుతో మాట్లాడుతుంటే చూశాను.

నీ ఉత్తరం ఇంట్లో గట్టిగా చదివి, మామ చేసింది కూడా చెప్పేశాను, దాచడాలు చాలనిపించింది. మూడు అబద్ధమని ఈశ్వరికి అప్పుడే తెలిసింది. "అబద్దం గీసినా మా అయ్య సెయ్యే గదా" అంది. మూలన కూర్చున్న గంగాలమ్మ అత్త మాత్రం, "పెద్దరాయి నాకు తెలుసు" అంది.

నేను నవ్వాను. ఆడవాళ్ళకి రాళ్ళు చెప్పరు. ఆమె జన్మలో బోటెక్కలేదు. అత్త నింపాదిగా చెప్పింది. పెళ్ళయిన కొత్తలో మామ తెరచాప తెప్ప మీద వెళ్ళేవాడు. ఈమె గంగమ్మ గుడి అరుగు మీద నిలబడి చూసేది. అలల్లో ఉన్న నల్లబండకి సరిగ్గా పైన ఆ తెరచాప నిలబడి కదలకుండా ఉంటే ఆ రోజు కోనాం ఖాయం. ఇంటికెళ్ళి చింతపండు నానబెట్టేది. "ఒక్కనాడూ ఆ సింతపండు దండగ అవలేదు" అంది.

మామ అన్నేళ్ళు సముద్రంలోంచి ఒడ్డుని చూస్తూ గుర్తులు పెట్టుకున్నాడు. ఆయన్ని ఒడ్డు నుంచి చూస్తున్న కళ్ళు రెండున్నాయని మాలో ఒక్కడికీ తట్టలేదు. అడగాలని కూడా తోచలేదు, సిగ్గుపడుతూ రాస్తున్నాను.

మొన్న శుక్రవారం పొద్దున్న అత్తని అరుగు మీద నిలబెట్టి, ఈశ్వరి వేలం దగ్గర అడిగి తెచ్చిన సెల్‌ఫోన్ చేతికిచ్చాం. బోటులో కృష్ణంరాజు గారి ఫోను నా చెవి దగ్గర. "యారాడ పక్కకి జరుగు. అంత కాదల్లుడా, ఎనక్కి. ఇంకొంచెం" అంటూ నన్ను సముద్రం మీద నడిపించింది. మామని కూడా ఎన్నడూ అంత గట్టిగా కసరలేదేమో. బండ మీదకి వచ్చావు అన్నాక, ఆ వరస తప్పకుండా ముందుకి పోతూ ఇనపగుండు దింపించాను. ఇరవై రెండు బారలు, ఇరవై రెండు, మళ్ళీ ఇరవై రెండు. ఒక్కసారిగా పద్నాలుగు. దొరికిందని ఫోన్లో చెప్పాను. అవతల అత్త ఏడుపు వినిపించింది. మే నెల నుంచి ఆమె ఏడవడం అదే మొదలు. నేను చుక్కాని పట్టుకుని ఏడ్చాను. మధ్యాహ్నానికి నలభై కోనాలతో తిరిగొచ్చాం. కృష్ణంరాజు గారు ఆ డ్రైవరుని పంపించేశారు.

పెద్దరాయి నిజం బొమ్మ నేనే గీసి "దాచు" తాకాను. నా గీత మామ గీతలా లేదు, కొండ కుక్క వీపులా వచ్చింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నీ కాపీ ఊసు మళ్ళీ వచ్చింది. మూర్తి అంతా చెరిపేసుకున్నాడట అన్నాను. అత్త తల ఎత్తకుండానే అంది. "మన కోసం అబద్దం ఆడాడు, మన కోసం నిజం ఒప్పుకున్నాడు. ఇంకా ఒడ్డు మీద మడిసి ఏటి? ఆ బాబుకి పందొమ్మిదీ ఇచ్చీ. ఒకసారి పోయినయ్యి గదా, ఇద్దరి కాడ ఉండాల." మామ మాట మీద మాట చెప్పగలిగింది ఆమె ఒక్కతే, ఆయన బతికున్నప్పుడూ అంతే.

కాబట్టి సెలవు పెట్టి రా. నీ యంత్రానికి కొత్త సెల్స్ వేసి తెచ్చుకో. రెండూ ఎదురెదురుగా జానెడు దూరంలో పట్టుకుంటే బొమ్మలు ఇటునుంచి అటు వెళ్తాయని నువ్వే చూపించావు. పోస్టులో ఆ పని కాదు. ఇంట్లో కూడా ఇవ్వను, పెద్దరాయి దాకా తీసుకెళ్తాను. మామ నీకు అబద్ధం గీసింది ఆ నీళ్ళ మీదే, నిజం కూడా అక్కడే ఇస్తాను.

నిమ్మకాయలు నాలుగు జేబులో వేసుకుని రా. ఈసారి వీపు నిమరడానికి నేనే ఉన్నాను.

నీ బావ,
ఎల్లారావు